పిలిచే బయల్దేరానమ్మా

తెంపేశారుగా! నా కళ్ళముందే కత్తెర పెట్టి కత్తిరించేశారుగా పిల్ల చేతి దండ! విత్తనాలట. మీ దేశంలోకి విత్తనాలు రాకూడదట. ఇరవై నెలల పిల్ల మణికట్టుకి ఏడంటే ఏడు ఎర్రగింజలు. వాటితో ఇది మీ చిలీ అంతటా అడివి పెంచేస్తుందా ఆఫీసరమ్మా?

నవ్వు రావడం లేదా మీకు? నాకూ రావడం లేదు లెండి.

దిష్టికి కట్టుకుంటాం అవి. పక్కగదిలో సంచులు వెతికే ఆ పెద్దమనిషి కనీసం నా చేతికైనా ఇవ్వలేదు. చెత్తబుట్టలో పడేశాడు. నిజంగా పడేశాడా, జేబులో వేసుకున్నాడా అని నేను చూస్తూనే ఉన్నాను. పడేసినట్టే ఉంది. ఏమో మరి. ఎవరి బుద్ధి ఎలాంటిదో ఎలా తెలుస్తుంది?

అదీ, ఆ తర్వాతే పిల్ల ఇలా అయిపోయింది. రాసుకోండి. ఆ దండ తెంపాకే.

ఏంటీ? అంతకుముందు నుంచే ఇలా ఉందని ఎవరు చెప్పారు మీకు? ఆఁ, నాకు తెలుసు ఎవరు చెప్పారో. వస్తాను, ఆవిడ దగ్గరికీ వస్తాను.

ముందు మీ ప్రశ్నలు కానివ్వండి. కాయితాలు సరిగ్గానే ఉన్నాయి కదా? పిల్ల పేరు సులేమా చోకె. తల్లి పేరు నిల్దా చోకె. తండ్రి పేరు ఉండాల్సిన చోట గీత. ఆ గీత గురించి నన్నడక్కండి, నిల్దానే అడగండి. నేను బాల్బినా చోకె, నిల్దాకి అక్కని, పిల్లకి పెద్దమ్మని. పెద్దమ్మతో పిల్లని దేశం దాటించడానికి నాకు సమ్మతమే అని నిల్దా మా దేశం కచేరీలో, తనుండే మీ ఇకీకే ఊళ్ళోనే, వేలిముద్ర వేసి మరీ పంపింది. నాలుగు ముద్రలున్నాయి ఆ కాయితం మీద. నేను లెక్కపెట్టాను. అయిదోది మీరు వెయ్యాలి.

ఫొటోలో పిల్ల వేరేగా ఉందా? నాలుగు నెలలప్పటి ఫొటో అమ్మా అది! నాలుగు నెలలప్పుడు మీరు మాత్రం ఇలాగే ఉన్నారా, యూనిఫాం వేసుకుని?

జుట్టు ఎందుకలా చిక్కులు కట్టి ఉందంటే, ఇంకా పుట్టువెంట్రుకలు తీయలేదు. తీసేది నిల్దా దగ్గరే, మీ దేశంలోనే, ఎవర్నో పిలిచి ఏదో చేస్తుందట. అంతవరకూ దువ్వెన పెట్టకూడదు. ఎత్తుకొచ్చిన పిల్ల కాబట్టి దువ్వలేదు అని రాసుకోకండి.

అయినా ఏం రాస్తున్నారమ్మా అంతసేపు? నేను నాలుగు మాటలు చెప్తే మీరు నలభై సార్లు టకటకలాడిస్తున్నారు. ఆ తెర కాస్త ఇటు తిప్పండి. నాకు చదవడం వచ్చు. పద్నాలుగేళ్లుగా మా ఊరు ఒరూరో బజారులో ఆపీ కాచి అమ్ముతున్నాను నేను. ఊదారంగు మొక్కజొన్న జావ, పక్కన వేడివేడిగా నూనెలో వేయించిన జున్ను అప్పచ్చి. లాయర్లు తాగుతారు, పోలీసులు తాగుతారు. మోసం చేసేవాణ్ణి గ్లాసు పట్టుకునే తీరులో కనిపెట్టేస్తాను.

తిప్పరు. సరే. నా మీద మీకు అనుమానం, మీ మీద నాకు అనుమానం. సరిపోయింది.

మీరు పిల్లని అడిగారు, "ఈవిడెవరమ్మా?" అని. అది "అమ్మ" అంది. ఆ ముక్క దగ్గర మీ కళ్ళు ఇంతింతయ్యాయి, నేను చూడలేదనుకున్నారా? మరి ఏమనాలి అది? దానికి ఆరు నెలలు నిండకుండానే తల్లి సంచి సర్దుకుని వెళ్లిపోయింది. పద్నాలుగు నెలల నుంచి అన్నం పెట్టేదీ, ముడ్డి కడిగేదీ, వీపున కట్టుకుని జావ కాచేదీ నేను. దానికి మాటలొచ్చేసరికి ఎదురుగా ఉన్నది నేను. "పెద్దమ్మా, మా అమ్మ చిలీలో హోటలు గదులు కడుగుతోంది" అని అంత వాక్యం చెప్తుందా ఇరవై నెలల పిల్ల?

నేను నేర్పలేదు. ఒట్టు. నేర్పలేదు, కాకపోతే దిద్దనూ లేదు.

నిల్దా ఫోను కలవలేదా? ఇందాక చేస్తే ఆ నంబరే లేదందా? మీ దేశం ఫోన్లు మరి, నాకేం తెలుసు? హోటల్లో పనిలో ఉంటుంది. పనిలో ఉంటే ఎత్తదు. కాసేపాగి చెయ్యండి. లేకపోతే చెయ్యకండి. ఫోనెందుకు, కాయితం ఉంది కదా?

అటు చూడండి, గాజు అవతల. నల్ల టోపీ పెట్టుకుని, నీలం మూట మీద కూర్చుని, ఇటు చూడనట్టు చూస్తోందే ఆవిడే. కాసిల్దా. పెద్దావిడ కదా, దోన్యా కాసిల్దా అంటారు. బస్సులో నా పక్క సీటు. ఆవిడే కదూ మీకు చెప్పింది? ఆవిడ మీ కిటికీ దగ్గర వంగి నా వైపు గడ్డం ఎగరేసి చూపించడం నేను చూశాను. ఆ తర్వాత రెండు నిమిషాలకి మీరొచ్చి "మీరు ఇలా రండి" అన్నారు. అందరికీ ముద్ర, నాకు మాత్రం గది.

ఆవిడ మూటలో ఏముందో అడిగారా? ఒరూరోలో బస్సెక్కినప్పటి నుంచి ఆ మూట మీద నుంచి లేవలేదు. సూపు తాగడానికి దిగినప్పుడు కూడా చంకన పెట్టుకునే దిగింది. నా పిల్లని చూడండి అని మీకు చెప్పేముందు తన మూట విప్పి చూపించాలి కదా!

పైగా పిల్లకి రొట్టె పెట్టింది. నేను వద్దంటున్నా వినకుండా, "చిన్నపిల్ల, కొరకనీ" అంటూ ఒక ముక్క తుంచి పెట్టింది. పిల్ల నోట్లో పెట్టుకోలేదనుకోండి. చేతిలో పట్టుకుని కూర్చుంది. అయినా ఎందుకు పెట్టాలి? ముక్కూమొహం తెలియని పిల్లకి రొట్టె పెట్టే మనిషిని నమ్మొచ్చా మీరే చెప్పండి.

మీ నర్సమ్మ చూసిందిగా. పిల్ల వేలికి ఆ బట్టలక్లిప్పు లాంటిది తగిలించింది, ఒళ్ళు పట్టుకుంది, నోరు తెరిపించింది. జ్వరం లేదంది. ఎత్తు ప్రదేశం వల్ల కాదు, ఎత్తులో పుట్టిన పిల్లే కదా అంది. ఊపిరి బానే ఉందంది. మరెందుకు ఇలా ఉందంటే భుజాలెగరేసింది. భుజాలెగరేయడానికి చదువెందుకమ్మా? నేనూ ఎగరేస్తాను.

చూడండి దీన్ని. కళ్ళు తెరిచే ఉన్నాయి. చప్పట్లు కొడితే అటు తిరుగుతుంది, కానీ చూడదు. పొద్దుట్నుంచి ఏడవలేదు. ఇది! వేడి మూకుడు చప్పుడికి నవ్వే పిల్ల, కుక్క తోక ఊపితే తనూ నడుం ఊపే పిల్ల, చెంచా ఇవ్వకపోతే బజారంతా వినపడేట్టు ఏడ్చే పిల్ల. మీ దగ్గర "అమ్మ" అన్న ఆ ఒక్క ముక్క తప్ప ఎనిమిది గంటలుగా కిక్కురుమనలేదు. బస్సులో వాళ్లంతా "ఎంత బుద్ధిమంతురాలు" అన్నారు. కాసిల్దా ఒక్కతే అనలేదు.

ఆవిడేమందో తెలుసా? చెప్తాను, మీకెలాగూ చెప్పే ఉంటుంది. దారిలో వచాకాయ్యా ఊళ్ళో బస్సాపితే సూపు దగ్గర కూర్చున్నాం. గొర్రె సూపు, ఎండు బంగాళదుంప వేసింది, ఇదంటే దీనికి ప్రాణం. చెంచా పెదాలకి తాకించినా నోరు తెరవలేదు. కాసిల్దా తన గిన్నె పక్కన పెట్టి, ముందుకు వంగి, పిల్ల కళ్ళలోకి చూసింది. చాలాసేపు చూసింది. అప్పుడంది, "ఈ పిల్ల లోపల లేదు పిల్లా. ఇల్లు వదిలేటప్పుడు పిలిచావా?"

మీకర్థం కాలేదా?

అర్థం కానట్టు మొహం పెట్టకండి. మీ చొక్కా మీద పేరు చదివాను నేను. చయాపా. ఈ కొండల ఇంటిపేరది. చయాపాలు దక్షిణం నుంచి వచ్చినవాళ్లా? సముద్రం ఒడ్డు వాళ్లా? ఇక్కడికి కూతవేటు దూరంలో లామా మందలు కాసుకునే చయాపాలు లేరూ? మీ అమ్మమ్మ మిమ్మల్ని పిలవలేదూ? ఏ మేనత్త ఇంటి నుంచో, ఏ సంత నుంచో తిరిగొస్తూ గడప దగ్గర ఆగి, మీ టోపీ తీసి నేల మీద ఇలా ఇలా ఊడ్చినట్టు అని, మీ పేరు పెట్టి పిలవలేదూ?

అదిగో, తల దించుకున్నారు. పిలిచింది. నాకు తెలుసు.

సరే, మీకు తెలీదనే అనుకుందాం, కంప్యూటరు కోసం చెప్తాను. పెద్దవాళ్లకి లోపలి మనిషి లోపలే గట్టిగా ఉంటాడు. అహాయు అంటాం. చిన్నపిల్లలకి ఇంకా కుట్టు పడదు. టాకా వేసి వదిలేసిన బొత్తాం లాగా ఉంటుంది. భయపడితే ఊడిపోతుంది, పడితే ఊడిపోతుంది, ఒక చోటు బాగా నచ్చితే అక్కడే ఉండిపోతుంది. అందుకని పిల్లతో ఎక్కడ్నుంచి బయల్దేరినా, "రా సులేమా, పోదాం రా, ఇక్కడ ఉండిపోకు" అని మూడుసార్లు పిలిచి మరీ బయల్దేరాలి. పిలవకపోతే ఒళ్ళు బస్సెక్కుతుంది, మనిషి ఇంట్లో ఉండిపోతుంది. తర్వాత తినదు, ఏడవదు, ఆడదు. ఒట్టి ఒళ్ళు ఎన్నాళ్లుంటుంది చెప్పండి? మా వీధిలోనే ఒక పిల్లాడు... వద్దు లెండి. ఇప్పుడా మాట వద్దు.

"పిలిచే బయల్దేరానమ్మా" అన్నాను కాసిల్దాతో. గట్టిగానే అన్నాను.

"అయితే బస్సెక్కేటప్పుడు? ఇందాక ఇక్కడ దిగేటప్పుడు? నేను పక్కనే ఉన్నాగా, వినలేదే" అంది. ఏం చెవులండీ ఆవిడవి!

"మనసులో పిలిచాను" అన్నాను.

"మనసులోనా! నీ మనసు దానికెలా వినపడుతుంది? పక్కింటి వాళ్ళని మనసులో పిలిస్తే వస్తారా?" అని సూపంతా ఒలకబోసుకుని నవ్వింది. నవ్వి, ఉన్నట్టుండి ఆపేసి అడిగింది, "నువ్వు తల్లివేనా?"

"తల్లిని కాకపోతే?" అన్నాను.

అనేశాను. ఏం, అనకూడదా? బస్సులో పక్క సీటు వాళ్ళందరికీ మా ఇంటి గొడవలన్నీ చెప్పాలా? పద్నాలుగు నెలలుగా బజార్లో అందరూ నన్ను "సులేమా వాళ్లమ్మ" అంటారు. నా నోటికీ అదే అలవాటు. తర్వాత ఇక్కడ మీ కిటికీ దగ్గర "ఏమవుతారు?" అంటే "పెద్దమ్మని" అన్నాను. వెనకే నించుంది కదా ఆవిడ, వినేసింది. బస్సులో తల్లి, గేటు దగ్గర పెద్దమ్మ. ఇంకేం, పిల్లల్ని ఎత్తుకుపోయే మనిషినైపోయాను. పిలవకపోవడం వల్లే మొదట అనుమానం వచ్చిందట ఆవిడకి. తన పిల్లయితే పిలవకుండా ఉంటుందా అందట కదూ? అలాగే అని ఉంటుంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నానని అనుకుంటున్నారు మీరు. తడుముకోవడం లేదు. ఇది పట్టుకుని పట్టుకుని భుజం నొప్పెడుతోంది. అంతే.

మీరు నన్ను కాదు, నిల్దాని అనుమానించాలి అసలు. అవును, నా చెల్లెల్నే. పద్నాలుగు నెలలు పిల్ల మొహం చూడని మనిషికి ఇప్పుడు ఉన్నట్టుండి పిల్లెందుకు? ఎవరైనా అడిగారా? గది దొరికిందక్కా అంది. కిటికీ ఉందక్కా అంది. హోటలు వెనకే పిల్లల్ని చూసుకునే బడి ఉంది, చేర్చుకుంటామన్నారక్కా అంది. ఫొటో పంపింది. చిన్న మంచం, పసుప్పచ్చ దుప్పటి, గోడకి కాయితం చేపలు. బాగానే ఉంది. నేను ఆ ఫొటోని ఇలా పెద్దది చేసి చూశాను. మంచం కింద బూట్లు. పెద్ద బూట్లు.

"అవెవరివే?" అన్నాను. "నావే" అంది. "నీ కాళ్లెప్పుడు పెరిగాయే అంత?" అన్నాను. ఫోను పెట్టేసింది. నిజం చెప్పేవాళ్ళు ఫోను పెట్టేస్తారా?

మా ఆయన ఫెర్మీన్ అంటాడు, "బాల్బినా, నీకు దేవుడి మీద కూడా అనుమానమే. ఆయన ఎదురుగా వస్తే గుర్తింపు కార్డు అడుగుతావు" అని. అడుగుతాను. ఎందుకడగను? మూడుసార్లు కడుపు నిలిపి మూడుసార్లు తీసుకుపోయిన దేవుడు నాలుగోసారి ఎదురొస్తే, ఎవరివయ్యా నువ్వు, ఏ కాయితం మీద తీసుకెళ్లావు అని అడగనా?

వద్దు. నీళ్లొద్దు. నేను ఏడవడం లేదు. ఇక్కడ గాలికి అందరి కళ్ళూ ఇలాగే ఉంటాయి.

ఏంటమ్మా? దీన్ని మీ గదిలో పడుకోబెట్టి, ఊళ్ళోంచి డాక్టర్ని పిలుస్తారా? నన్ను వేరే గదిలోనా? ఎందుకు వేరే గది? అంటే... అంటే మీరు దీన్ని నా దగ్గర్నుంచి తీసుకుంటారా? తల్లి దొరికేదాకా ఎవరో చూసుకుంటారా? ఎవరు? ఆ భుజాలెగరేసే నర్సమ్మా?

వద్దు. ఆగండి. కూర్చోండి. కూర్చోండమ్మా, దణ్ణం పెడతాను.

ఆ నంబరు.

చివరి అంకె ఏడు కాదు. రెండు.

అవును, నాకు తెలుసు. తెలిసే ఏడని చెప్పాను. ఎందుకంటే నిల్దా ఎత్తితే అన్నీ సరిపోతాయి కదా. "మా అక్కే, పంపండి" అంటుంది. మీరు ముద్ర వేస్తారు. నేను బస్సెక్కాలి. మీరు నన్ను అనుమానించి వెనక్కి పంపేస్తే బాగుండునని... అంత దూరం ఆలోచించానో లేదో. నోట్లోంచి ఏడు వచ్చింది. రెండని ఉన్న చోట ఏడు వచ్చింది. దిద్దలేదు.

ఆ బూట్లు కూడా దానివే అయ్యుంటాయి. గదులు కడిగేవాళ్లు వేసుకునే రబ్బరు బూట్లు. నాకు ఫొటోలోనే తెలిసింది. ఫెర్మీన్‌కి మాత్రం మగవాడి బూట్లని చెప్పాను. రెండు రోజులు అదే చెప్పాను.

ఆదివారాలు అయిదింటికి ఫోను చేసేది అది. ప్రతి ఆదివారం. ఒక్కటీ తప్పలేదు. నేను నాలుగున్నరకే దీనికి జావ పట్టి పడుకోబెట్టేసేదాన్ని. "ఇప్పుడే పడుకుందే నిల్దా, లేపమంటావా?" అనేదాన్ని. ఏ తల్లి లేపమంటుంది? "వద్దులే అక్కా, పడుకోనీ" అనేది. అని ఊరికే ఫోను పట్టుకుని ఉండేది. పిల్ల గురక వినిపించమనేది. వినిపించేదాన్ని. అంతమాత్రం చేశాను.

ఇంకా ఉంది. వింటున్నారా? రాయకండి ఇది. ఆ టకటక ఆపండి.

ఇవాళ పొద్దున ఇల్లు వదిలేటప్పుడు ఫెర్మీన్ సంచీలు టాక్సీలో పెడుతున్నాడు. పిల్ల నా వీపున ఉంది. అది పడుకునే చోటు పొయ్యి పక్కన, యాపిల్ పళ్ళ చెక్కపెట్టెలో. ఆ పెట్టె దగ్గర నించున్నాను. దాని టోపీ చేతిలోకి తీసుకున్నాను. వంగాను కూడా. నోరు తెరిచాను.

పిలవలేదు.

మర్చిపోలేదమ్మా. మర్చిపోతే ఇంత బాధ లేదు. నేను ఆ పెట్టెలోకి వంగి, చిన్నగా, ఫెర్మీన్‌కి వినపడకుండా, "ఉండిపోమ్మా. నువ్విక్కడే ఉండు. రాకు" అన్నాను.

ఎందుకంటే, మనిషి ఇక్కడ ఉండిపోతే ఒళ్ళు అక్కడ నిలవదు. అక్కడికెళ్లి కాస్త నలతగా ఉంటుంది, అన్నం మానేస్తుంది, ఓ నెల చూసి నిల్దా విసిగిపోతుంది, "అక్కా, దీనికి ఈ ఊరు పడలేదు, తీసుకెళ్లిపో" అంటుంది. నేనొచ్చి తీసుకెళ్లిపోతాను. చెక్కపెట్టె దగ్గర మనిషి ఉండనే ఉంటుంది. ఒళ్ళు దాన్ని కలుసుకుంటుంది. ఇంతే అనుకున్నాను. కాస్త నలత అనుకున్నాను. ఇలా అనుకోలేదు. టాక్సీ మలుపు తిరక్కముందే ఇలా అయిపోతుందని అనుకోలేదు!

ఫెర్మీన్ అడిగాడు, "పిలిచావా?" అని. "పిలిచాను" అన్నాను. ఆయన ఎవర్నీ అనుమానించడు. పిచ్చి మనిషి.

సూపు దగ్గర నాకు భయం వేసింది. కాసిల్దాని మాట మార్చి అడిగాను, "ఒకవేళ ఎవరైనా మర్చిపోతే ఏం చెయ్యాలి?" అని. "ఎంత దూరంలో ఉన్నా తల్లి గొంతు చేరుతుంది. తల్లి పిలవాలి" అంది. అని నా వంక చూసింది. "నువ్వే కదా తల్లివి, పిలువు మరి" అంది.

పిలిచాను. ఆవిడ ముందు కాదు. ఇక్కడికొచ్చాక, మీ గేటు ముందు బస్సులు వరసలో ఆగినప్పుడు, దీన్ని ఎత్తుకుని ఆ రాళ్ళగోడ వెనక్కి వెళ్లాను. ఒరూరో వైపు తిరిగి, టోపీతో నేలంతా ఊడ్చి పిలిచాను. మూడుసార్లు కాదు, గొంతు పోయేదాకా పిలిచాను. ఆ టోపీ చూడండి, మట్టి. "రా సులేమా, తప్పయిపోయింది, రా అమ్మా" అన్నాను. "నేనే, అమ్మని, పిలుస్తున్నాను" అని కూడా అన్నాను.

రాలేదు.

పద్నాలుగు నెలలు సాకిన గొంతుకి రాలేదమ్మా. ఇంకేం కావాలి నాకు, ఏ కచేరీ కాయితం కావాలి?

చెయ్యండి ఫోను. చివర రెండు. నేను మాట్లాడను, మీరే మాట్లాడండి. పిల్ల బానే ఉందని చెప్పండి ముందు, లేకపోతే గుండాగి చస్తుంది. తర్వాత పిల్లని పేరు పెట్టి పిలవమనండి. ఎందుకని అడగదు, దానికి తెలుసు. ఫోనులో పిలిస్తే పనిచేస్తుందా అంటే నాకేం తెలుసు? మా అమ్మమ్మ కాలంలో ఫోన్లున్నాయా?

మోగుతోందా? మోగుతోంది.

దీని చెవి దగ్గర పెట్టండి. కాదు, మీరే పట్టుకోండి, నా చెయ్యి పడకూడదు. ఇంకాస్త దగ్గరగా. అదిగో, నిల్దా. ఏడుస్తోందేంటి, పిలవక? ఏడవకే, పిలు! నీ గొంతు సరిగ్గా రానీ! ఆఁ, అలాగ. మళ్ళీ. పోదాం రా అను. ఉండిపోకు అను.

ఇంకోసారి పిలవమనండి ఆఫీసరమ్మా. నేను అంటే దానికి వినపడటం లేదు.

చూశారా? కింద పెదవి చూశారా, వంకర తిరిగింది! చూడండి, చూడండి...

అమ్మయ్య! ఏడు, ఏడు తల్లీ. గట్టిగా ఏడు. ఎనిమిది గంటల ఏడుపు దాచుకున్నావే! గాజు అవతల అంతా లేచి నించున్నారు. నించోనీ. వచ్చింది. ఒరూరో నుంచి ఎంత దూరమమ్మా, ఆ చిట్టి కాళ్ళేసుకుని ఎలా వచ్చిందో. వచ్చింది.

అబ్బా, మెడ వదలవే. ఊపిరాడటం లేదు నాకు. ఇటు చూడు, అమ్మ ఫోనులో ఉంది, అటు చూడు. అటు కాదే, ఫోను వైపు. నన్ను కాదు. నన్నెందుకే పట్టుకుంటావు?

చూశారుగా. తల్లి పిలిస్తే వచ్చింది. వచ్చి, నా మెడ పట్టుకుంది. ఇప్పుడు దీన్ని తీసుకెళ్లి ఎలా ఇవ్వాలి, మీరే చెప్పండి.

సరే, మీ పని ముద్ర వెయ్యడం. వెయ్యండి. ఇస్తాను, ఇస్తానంటున్నాగా. నిల్దాకి చెప్పండి, చీకటి పడ్డాక బస్టాండుకి వస్తే చాలని.

ఏంటలా నవ్వుతున్నారు? అంతా తేలిపోయింది, ఇక నా మీద అనుమానం లేదా మీకు? అప్పుడే? ఇంత చెప్పాక కూడానా? మీ చోట నేనుంటే అస్సలు నమ్మను ఈ మనిషిని. పొద్దున పిల్లని అలా చేసింది, మధ్యాహ్నం నంబరు మార్చింది, సాయంత్రం ఏం చేస్తుందో ఎవరు చెప్పగలరు? ఇక్కణ్ణుంచి ఇకీకేకి అయిదు గంటలు. మధ్యలో బస్సు రెండు చోట్ల ఆగుతుంది. ఎదురుగా మా దేశానికి తిరిగొచ్చే బస్సులు కూడా అక్కడే ఆగుతాయి. నాకు తెలుసు, అడిగి కనుక్కున్నాను.

డ్రైవరుకి చెప్పండి, ఆ రెండు చోట్లా నన్ను దిగనివ్వొద్దని. చెప్తే చాలదు, రాసివ్వండి. ఇంకా ఆ కాసిల్దాని నా పక్కనే కూర్చోబెట్టండి, కిటికీ వైపు నన్ను తోసి, ఇటు ఆవిడ్ని. మీరు నన్ను నమ్మినట్టు ఆవిడకి మాత్రం చెప్పకండి. అనుమానం ఉంటేనే ఆవిడ దారంతా కన్ను మూయదు.

పదవే, పోదాం. కాదు, ఆగు.

ఇక్కడి నుంచి కూడా పిలిచే బయల్దేరాలి. నేను పిలవను. మీరు పిలవండి, చయాపమ్మా. మీకు వచ్చు.